తునిగిన పాట: టీకా తాత్పర్య సహితం

మూలం

ఆ. కొత్త యంత్రమందు కోసినట్లుగ పాట
తునిగి తునిగి పలుకు దోష మరసి
బఫరు కొంత పెంచి, పాతదౌ డ్రైవరు
మార్చువాఁడె యెఱుఁగు మర్మ మెల్ల.

అవతారిక

ఇంట్లో పాట రికార్డు చేసుకొనే కంప్యూటరులో శబ్దం తెగిపోవడం ఈ పద్యానికి విషయం. తెగకుండా చేసుకోవడం ప్రయోజనం. కొత్త కంప్యూటరు, మైకు కొని, ఇంకా మొదటి వాయిదా కూడా కట్టని గృహస్థు అధికారి. సంబంధం యూఎస్‌బీ కేబుల్. అనుబంధ చతుష్టయం ఇలా కుదిరింది కనుక గ్రంథం చదవదగినదే.

ప్రతిపదార్థం

కొత్త = ఈ మధ్యనే కొన్న; యంత్రమందు = కంప్యూటరులో; కోసినట్లుగ = కత్తెర పెట్టినట్లు; పాట = రికార్డు చేసిన, లేక చేస్తున్న పాట; తునిగి తునిగి = ముక్కలు ముక్కలై; పలుకు = వినిపించే; దోషము = లోపాన్ని; అరసి = పరిశీలించి; బఫరు = శబ్దాన్ని ముందుగా పోగుచేసి ఉంచే చోటును; కొంత = కొద్దిగా మాత్రమే; పెంచి = పెద్దది చేసి; (అప్పటికీ తగ్గకపోతే) పాతదౌ = పాతదైన; డ్రైవరు = సౌండ్ కార్డును నడిపే సాఫ్ట్‌వేరును (కారు నడిపే మనిషిని కాదు); మార్చువాఁడె = మార్చేవాడే; మర్మము ఎల్ల = గుట్టంతా; ఎఱుఁగు = తెలుసుకుంటాడు.

తాత్పర్యం

కొత్త కంప్యూటరులో పాట తెగితెగి వినిపిస్తే ముందు కారణం వెతకాలి, తరువాత బఫరు పెంచాలి, ఆ తరువాత డ్రైవరు మార్చాలి. ఈ వరుస తప్పనివాడికే గుట్టు తెలుస్తుంది.

విశేషాలు

‘కొత్త’: పాత కంప్యూటరులోనూ పాట తెగుతుంది కదా, ఈ విశేషణం దండగ కాదా అని పూర్వపక్షం. కాదని సమాధానం. పాతదైతే శక్తి చాలలేదని సరిపెట్టుకొని ఊరుకుంటారు. ‘కొత్త’ అన్న మాట ఆ దారి మూసేస్తుంది. ఇక్కడ లోపం బలంలో కాదు, వేళలో ఉంది.

శబ్దాన్ని సెకనుకు 48,000 శాంపిళ్లుగా కొలుస్తూ, 128 శాంపిళ్ల బఫరు పెట్టుకుంటే, కంప్యూటరు ప్రతి 2.7 మిల్లీసెకన్లకు ఒకసారి కొత్త శబ్దం సిద్ధం చేసి అందించాలి. పెళ్లి పంక్తిలో వడ్డనలాంటిదిది. తినేవాడు ఆగడు, విస్తరి ఖాళీ అయ్యేలోగా వడ్డించేవాడు మళ్లీ రావాలి. అతడు ఎంత బలశాలి అన్నది ప్రశ్న కాదు, దారిలో ఎవరైనా ఆపి పలకరించారా అన్నదే ప్రశ్న. అందుకే ప్రాసెసరు వాడకం 20 శాతమే అని చూపిస్తున్నా పాట తెగుతుంది. ఆ అంకె సగటు చెబుతుంది, ఆలస్యమైన ఒక్క క్షణం సంగతి చెప్పదు. పైగా ఒక ట్రాకు మీద వరుసగా పెట్టిన ప్లగిన్లు ఒకదాని తరువాత ఒకటి నడవాల్సినవే కనుక, ఆ భారం ఒక్క కోరు మీదే పడుతుంది. మిగతా కోర్లు ఖాళీగా ఉన్నా ఉపయోగం లేదు.

కొత్తదనం వల్లనే పుట్టే అడ్డంకులూ ఉన్నాయి. మొదటి రోజుల్లో విండోస్ అప్‌డేట్లు దిగుతుంటాయి, ఫైళ్లన్నిటికీ ఇండెక్సింగ్ జరుగుతుంటుంది, కంపెనీవాళ్లు ఎక్కించి పంపిన యాంటీవైరస్ ప్రతి ఫైలునూ తడుముతుంటుంది, క్లౌడు ఖాతా అన్నిటినీ పైకి పంపుతుంటుంది. ఇన్ని అర్థాలు ఒక్క విశేషణంలో ఇమిడాయి కనుక ఇది పరికరాలంకారం. పద్యం సౌండ్ కార్డనే పరికరం గురించే కావడం అలంకారానికి కలిసివచ్చింది.

‘కోసినట్లుగ’: ఇది వట్టి ఉపమ కాదు, జరిగేది అదే. వేళకు బఫరు నిండకపోతే శబ్దతరంగం ఉన్నచోట ఉన్నట్టే తెగి, ఒక్కసారిగా సున్నాకో మరో విలువకో దూకుతుంది. స్పీకరు పొర ఆ దూకుడును ‘టప్’ అని పలుకుతుంది. దూకుళ్లు దగ్గరదగ్గరగా వస్తే చిటపట, మరీ దగ్గరైతే గరగర.

‘తునిగి తునిగి’: ఆమ్రేడితం. దోషం మళ్లీ మళ్లీ వస్తుందని అర్థం. ఎంతెంత సేపటికి వస్తోందో గమనించమని ధ్వని. ఒకే ఎడంతో గడియారంలా టప్పుమంటే గడియారాలనే అనుమానించాలి. యూఎస్‌బీ మైకుతో రికార్డు చేస్తూ కంప్యూటరు సొంత హెడ్‌ఫోన్ రంధ్రంలో వింటే, రెండు పరికరాలకూ రెండు గడియారాలు. అవి ఎప్పుడూ ఒక్కలా నడవవు. రెండు పనులూ ఒకే సౌండ్ కార్డుకు అప్పగిస్తే ఆ గొడవ తీరుతుంది. లెక్కాపత్రం లేకుండా తెగితే ప్రాసెసరుకు ఎవరో అడ్డు తగులుతున్నారని గ్రహించాలి. తెగడమే కాక శ్రుతి కూడా మారితే శాంపిల్ రేటు తేడా. 44,100 దగ్గర తీసిన పాటను 48,000 దగ్గర నడిపితే శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానాలు పైకి పోతుంది. సౌండ్ కార్డు, రికార్డింగు సాఫ్ట్‌వేరు, విండోస్ మూడింటిలోనూ ఒకే అంకె ఉండాలి.

‘అరసి’: పద్యానికి ప్రాణం ఈ క్రియ. పరీక్షలు మూడు. ఒకటి, తెగిన పాటను మళ్లీ వినడం. ప్రతిసారీ ఒకే చోట తెగితే దెబ్బ ఫైలులోనే ఉంది, ఆ భాగం మళ్లీ పాడక తప్పదు. చోటు మారుతూ ఉంటే రికార్డింగు క్షేమం, దోషం వినిపించడంలో మాత్రమే. రెండు, పాటను ఫైలుగా ఎక్స్‌పోర్టు చేసి వినడం. ఎక్స్‌పోర్టుకు గడువు లేదు, కంప్యూటరు తీరిగ్గా చేస్తుంది. ఆ ఫైలు శుభ్రంగా ఉంటే తప్పు వేళదేనని రుజువు. మూడు, విండోస్‌లో లేటెన్సీమాన్ అనే ప్రోగ్రామును కాసేపు నడిపించడం. ప్రాసెసరును ఎక్కువసేపు పట్టి ఉంచిన డ్రైవరు పేరు అది బయటపెడుతుంది. అక్కడ తరచుగా దొరికేవి వైఫై, గ్రాఫిక్స్, బ్యాటరీ పొదుపు డ్రైవర్లు. వైఫై ఆపేసి పాట నడిపి చూడడం అన్నిటికంటే తేలిక పరీక్ష.

‘బఫరు కొంత పెంచి’: ‘కొంత’ అన్నది పాదపూరణం కాదు. 128 నుంచి 256కు, అక్కడినుంచి 512కు మెట్లుమెట్లుగా పోవాలి. ఒకేసారి 1,024కు పోతే తెగడం ఆగవచ్చు గాని, 48,000 రేటు దగ్గర అది 21 మిల్లీసెకన్ల ఆలస్యం. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి కలిపితే 42 దాటుతుంది. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది కనుక, గాయకుడికి తన గొంతు 14 మీటర్ల అవతలినుంచి వినిపించినట్టే. అలా వింటూ తాళం నిలబెట్టడం కష్టం. కనుక పాడేటప్పుడు బఫరు చిన్నదిగా, మిక్సింగు వేళ పెద్దదిగా ఉంచాలి. సౌండ్ కార్డులో డైరెక్ట్ మానిటరింగ్ ఉంటే గొంతు కంప్యూటరు దాకా పోకుండానే చెవికి చేరుతుంది. అప్పుడు బఫరు పెద్దదైనా బాధ లేదు.

‘పాతదౌ డ్రైవరు’: కొత్త యంత్రంలో పాత డ్రైవరేమిటని శంక. ఇది విరోధాభాసం. యంత్రం నిన్నటిదే అయినా, సౌండ్ కార్డు పాత కంప్యూటరు నుంచి తెచ్చి తగిలించింది కావచ్చు, లేదా విండోస్ తనంతట తాను సామాన్య డ్రైవరును అతికించి ఉండవచ్చు. తయారీదారు ఇచ్చిన తాజా ఏషియో డ్రైవరు వేస్తే విరోధం పోతుంది. ఏషియో పద్ధతిని 1997లో జర్మనీకి చెందిన స్టెయిన్‌బెర్గ్ తెచ్చింది. విండోస్ సొంత మిక్సరును దాటవేసి, రికార్డింగు సాఫ్ట్‌వేరును నేరుగా సౌండ్ కార్డుతో కలపడం దాని పని. సొంత ఏషియో డ్రైవరు లేని పరికరాలకు ఏషియో4ఆల్ గతి. మాక్ కంప్యూటర్లలో కోర్ ఆడియో ఆ పని ముందే చేస్తుంది కనుక, ఈ పాదం ప్రధానంగా విండోస్ వారికి. ‘పాడగు డ్రైవరు’ అని పాఠాంతరం చెప్పుకున్నా ఛందస్సు చెడదు, చికిత్సా మారదు.

‘మర్మ మెల్ల’: ‘ఎల్ల’ అన్నందువల్ల పద్యంలో చెప్పనివి కూడా గ్రాహ్యాలు. పవర్ ప్లాన్‌ను హై పర్ఫార్మెన్స్‌కు మార్చడం, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపడం, సౌండ్ కార్డును హబ్బుకు కాక నేరుగా కంప్యూటరు పోర్టుకు తగిలించడం, కేబుల్ మార్చి చూడడం, బరువైన ప్లగిన్లున్న ట్రాకును ఫ్రీజ్ చేయడం ఇందులోకి వస్తాయి. ఇవేవీ పనిచేయకపోతే మదర్‌బోర్డు బయాస్ వైపు చూడాలి. 2022 మార్చిలో ఏఎండీ సంస్థ, తన ప్రాసెసర్లున్న కొన్ని విండోస్ కంప్యూటర్లు ఎఫ్‌టీపీఎం అనే భద్రతా విభాగం వల్ల ఉండి ఉండి క్షణకాలం ఆగుతున్నాయని ఒప్పుకొని, బయాస్ అప్‌డేటును పరిష్కారంగా చూపింది. ఏ రికార్డింగు సెట్టింగుకూ అందని దోషమది.

అన్వయం: ‘అరసి’, ‘పెంచి’ రెండూ క్త్వార్థకాలు. అంటే ఒక పని ముగిశాకే తరువాతిది. రెండు మార్పులు ఒకేసారి చేస్తే పాట బాగుపడవచ్చు, ఏది బాగుచేసిందో మాత్రం తెలియదు, దోషం మళ్లీ వస్తే మళ్లీ మొదటికే. ప్రతి మార్పు తరువాత, ట్రాకులు ఎక్కువగా ఉన్న పాటను మొదటినుంచి చివరిదాకా నడిపి వినాలి. ఫలితం లేని మార్పును వెనక్కి తీసి, తరువాతిదానికి పోవాలి.