ఓడీ బావ

మా నరసన్నపేట ఫుట్‌బాల్ టీములో పదకొండు మందిమి ఆడతాం. పన్నెండోవాడు బావ. ఎవరికి బావ అంటే, అందరికీ. ఏ పొజిషన్లో ఆడతాడని మాత్రం అడక్కండి. మెడలో విజిలుంది, చంకలో హాజరు రిజిస్టరుంది, అంతే.

"ప్రొఫెసనల్‌గా ఉండాల్రా! అయిదున్నరంటే అయిదున్నరే. నిమిషం లేటయితే పది రూపాయలు ఫైను" అని రూలు పెట్టింది ఆయనే. మేం అయిదుంబావుకే లేసులు బిగించుకుని కూచుంటాం. ఆయన ఏడింటికి, హేండిలుకి ఇడ్లీ పొట్లం తగిలించుకుని, స్కూటీ మీద దిగుతాడు. ఫైనడిగితే రిజిస్టరు విప్పి చూపిస్తాడు. తన పేరుకెదురుగా నెల పొడుగునా ఎర్ర సిరాతో ఒకటే రాత: 'ఓడీ'. ఆన్ డ్యూటీ అన్నమాట.

"రాత్రి ఒంటిగంట దాకా ఇంగ్లాండు మేచీ ఎవులు సూసినార్రా? నాను కాదేటి?"

నోరు విప్పితే రహీం సాబ్. హైదరాబాదు స్కూలు మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టుని నాలుగో స్థానానికి చేర్చినాయన. 1962లో కేన్సరు పీడిస్తున్నా జకార్తా వెళ్లి ఏషియన్ గేమ్స్ బంగారం తెప్పించినాయన. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. తలకి కుట్లు పడ్డ డిఫెండరు జర్నైల్ సింగ్‌ని ముందుకి పంపి ఆడిస్తే గోలు కొట్టాడు. బావ చెబుతుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. "కుట్లతో ఆడినాడ్రా!" అంటూ తన మోకాలు తడుముకుంటాడు. ఆ మోకాలు మేచీ ముందురోజు సాయంత్రం పట్టేస్తుంది. మేచీ అయ్యాక వదిలేస్తుంది.

మా గ్రౌండులో నాలుగున్నరకే పరుగు మొదలుపెట్టే కుర్రాళ్లున్నారు. ఆర్మీ సెలక్షనుకొకడు, కానిస్టేబులు సెలక్షనుకొకడు. పదహారొందల మీటర్ల పరుగు. వాళ్లకి విజిలూ లేదు, రిజిస్టరూ లేదు, ఒకడి ఫోనులో స్టాప్‌వాచీ ఉంది. ఏడింటికి వాళ్లు చెమట తుడుచుకుంటుంటే, వాకింగుకొచ్చిన పెద్దలకి బావ చూపిస్తాడు: "మనోల్లేనండి. డిసిప్లీనంటే అదీ!"

మొన్న పక్కూరితో మేచీ. బంతిలో గాలి లేదు. పంపు బావ ఇంట్లో ఉంది, బావ ఫోను స్విచ్ఛాఫ్. గోల్‌కీపరు గుంటడు బంతి చంకన పెట్టుకుని బజారుకి పరిగెత్తాడు. సైకిలు షాపాయన డబ్బాలన్నీ కుమ్మరించి, సూది వెతికి గాలి కొట్టాడు. గుంటడు రొప్పుకుంటూ వచ్చేసరికి పన్నెండు నిమిషాలు లేటు.

సాయంత్రం బావ కుంటకుండానే వచ్చి రిజిస్టరు విప్పాడు.

"పన్నెండు నిమిషాలు. నూటిరవై. రూలంటే రూలేరా, రేపు నాను లేటయినా కట్టీవలిసిందే."

గుంటడు కట్టేశాడు. ఆ డబ్బుతో కొత్త విజిలు కొన్నాడు బావ.