ముళ్లు లేని నాగజెముడు ఆత్మకథ

ఆత్మకథలు మామూలుగా పుట్టిన ఊరితో మొదలవుతాయి. ఈ కథ చెప్పుకుంటున్న మొక్కకు ఆ వీలు లేదు. ఇది విత్తనంలోంచి రాలేదు. ఎవరో ఇంకో మొక్క మట్ట విరిచి మట్టిలో గుచ్చితే బతికింది. ఆ మొక్క కూడా అలా బతికిన మట్టే. దీని మట్టలు ఇప్పటికే చుట్టుపక్కల పెరళ్లలో వేళ్లు దిగి, పిలకలేసి, పసుపు పూలు పూస్తున్నాయి. అవన్నీ ఇదే. ఇందులో "నేను" ఎవరో తేల్చడం కష్టం కనుక తన గురించి కూడా పరాయిదాని గురించి చెప్పినట్టే చెప్పుకుంటుంది.

ఉండేది టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో, ఒక తెలుగువాళ్ల పెరట్లో. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఒపన్షియా ఎల్లిసియానా. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన డేవిడ్ గ్రిఫిత్స్ 1910లో ఆ పేరు పెట్టాడు. ఆ ఇంటికి అనంతపురం నుంచి వచ్చిన పెద్దావిడకు ఆ పేరుతో పని పడలేదు.

"ఇది నాగజెముడు గదరా! పిల్లలు తిరిగే చోట దీన్ని ఎవరన్నా పెట్టుకుంటారా?" అని కొడుకుని కోప్పడింది.

"దీనికి ముళ్లుండవమ్మా, చూడు" అని ఆయన మట్టను అరచేత్తో నిమిరి చూపించాడు. ఆవిడ మాత్రం చేతికి కొంగు చుట్టుకునే తాకింది.

ఆవిడ అనుమానం సబబే. ఈ జాతి మొక్కలకు ముళ్లు రెండు రకాలు. కంటికి కనబడే పొడుగు ముళ్లు ఒక రకం. మట్ట మీద చుక్కల్లా కనబడే కన్నుల్లో కుచ్చులుగా ఉండే నూగుముళ్లు రెండో రకం. పొడుగు ముల్లు గుచ్చుకుంటే పీకేయవచ్చు. నూగుముల్లు వెంట్రుకంత సన్నం, చివర కొక్కేలు. తాకితే చాలు, ఊడి చర్మంలో దిగబడుతుంది. కాలిఫోర్నియా, ఆరిజోనా ఎడారుల్లో పెరిగే బీవర్‌టెయిల్‌ను నర్సరీల్లో "ముళ్లు లేనిది" అనే అమ్ముతారు. పొడుగు ముళ్లు లేని మాట నిజమే, కానీ నూగు నిండుగా ఉంటుంది. ఎల్లిసియానాకు ఆ నూగు కూడా బాగా తక్కువ. దాని గొప్ప అక్కడే ఉంది. అయినా కళ్లు మూసుకుని కౌగిలించుకోమని అది ఎవరికీ సలహా ఇవ్వదు.

ముళ్లు లేని జెముడు అనగానే అమెరికాలో అందరికీ గుర్తొచ్చే పేరు లూథర్ బర్బ్యాంక్. కాలిఫోర్నియాలోని శాంటా రోజాలో ఆయన తోట. ఎడారి నేలల్లో పశువుల మేతకు పనికొస్తుందని ఊరిస్తూ 1907లో ముళ్లు లేని రకాల కేటలాగ్ వేశాడు. పరమహంస యోగానంద ఆయన్ని ఆ తోటలోనే కలిశాడు. 1946లో వచ్చిన "ఒక యోగి ఆత్మకథ"ను ఆయనకే అంకితమిచ్చాడు. తానుండగా ముళ్లతో పనిలేదని బర్బ్యాంక్ జెముడు మొక్కకు నచ్చజెప్పేవాడన్న ముచ్చట ఆ పుస్తకంలోదే. మనిషి ఆత్మకథలో జెముడుకు మూగపాత్ర దొరికింది, జెముడు ఆత్మకథలో ఆయనకు ఒక పేరా దక్కితే తప్పేముంది?

అయితే గ్రిఫిత్స్‌కు బర్బ్యాంక్ ఆర్భాటం నచ్చలేదు. ముళ్లు లేని రకాలు మెక్సికోలోనూ మధ్యధరా తీరంలోనూ బర్బ్యాంక్ కంటే ముందునుంచే ఉన్నాయని ఆయన వాదన. 1909లో వ్యవసాయ శాఖ తరఫున దీనిమీదే ఒక బులెటిన్ రాశాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. ముళ్లు లేకపోతే పశువులకు మేత అవుతుంది, నిజమే. కుందేళ్లకూ అవుతుంది. దున్నకుండా, నీళ్లు పెట్టకుండా పెరుగుతుందన్న మొక్కకు చుట్టూ కంచె కట్టాల్సి వచ్చింది. గిరాకీ అందుకోలేక కొందరు అమ్మకందార్లు మామూలు జెముడు ముళ్లు కాల్చేసి అమ్మారని కూడా చెబుతారు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ చలి. బర్బ్యాంక్ అమ్మినవి ఎక్కువగా ఫైకస్ ఇండికా అనే రకం. మైనస్ ఆరేడు డిగ్రీలకే దాని మట్టలు దెబ్బతింటాయి.

అలాగని ఈ కుటుంబానికి చలి చేతకాదనుకుంటే పొరపాటు. ఫ్రజిలిస్ అనే పొట్టి దాయాది కెనడాలో పీస్ నది లోయదాకా పాకింది. హ్యూమిఫ్యూజా అనే ఇంకో దాయాది ఒంటారియోలోని పాయింట్ పెలీ దగ్గర మంచులోనే కాపురం చేస్తోంది. ఫ్రజిలిస్‌కు ముళ్లే ప్రయాణ సాధనం. తాకితే విరిగే చిట్టి మట్టలు జంతువుల ఒంటికి గుచ్చుకుని కొత్త చోట్లకు పోతాయి. ఎల్లిసియానాకు ఆ సౌకర్యం లేదు. మనుషులు విరిచి ఇచ్చుకుంటేనే దూరాలు పోతుంది. విత్తనాలు వేయవచ్చు కదా అంటే, ముళ్లు లేని తల్లి విత్తనాల్లోంచి ముళ్ల పిల్లలు రావచ్చు.

చలిని తట్టుకునే జాతులు శరత్తులోనే నీళ్లు వదిలించుకోవడం మొదలుపెడతాయి. మట్ట ముడతలు పడి వాలిపోతుంది. చూసేవాళ్లు చచ్చిందనుకుంటారు. నీళ్లు తగ్గితే కణాల్లో చక్కెరలు చిక్కబడతాయి, గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. గడ్డకట్టినా మంచు కణాల మధ్య ఖాళీల్లో ఏర్పడుతుంది గానీ లోపల కాదు. అక్కడ నీటిని పట్టి ఉంచేది జిగురు. పెద్దావిడకు ఆ జిగురు వంటింట్లో పరిచయమైంది. మెక్సికన్లు నోపాలెస్ అని వండుకునే లేత మట్టలను కోడలు తరుగుతుంటే, "బెండకాయ లెక్కనే ఉందే" అని తాళింపు తనే వేసింది. ఆ తర్వాత కొంగు చుట్టుకోవడం మానేసింది.

చలికి కూలే దాయాదులకూ, చలిని లెక్కచేయని దాయాదులకూ నడుమ నిలబడింది ఎల్లిసియానా. దక్షిణ టెక్సస్‌లోని కింగ్స్‌విల్‌లో పరిశోధకులు రకరకాల జెముళ్లను పెంచుతుండగా 1989 డిసెంబరులో మైనస్ 12 డిగ్రీల చలి విరుచుకుపడింది. ఫైకస్ ఇండికా రకాలు నేలమట్టమయ్యాయి. ఎల్లిసియానా నిలబడింది. దాని పేరు తోటమాలుల నోట పడడానికి ఇలాంటి అనుభవాలే కారణం.

2021 ఫిబ్రవరి సంగతి వేరు. ఆ నెల 16న డాలస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత దాదాపు మైనస్ 19 డిగ్రీలకు పడిపోయింది. వ్యవసాయ శాఖ పటం ప్రకారం ఫ్రిస్కో ఉన్నది జోన్ 8లో, అంటే ఏడాదిలో అతి చల్లని రాత్రుల సగటు మైనస్ 12 కంటే దిగని చోట. సగటు సగటే, ఆ రాత్రి ఆ రాత్రే. చలి మెల్లగా ముదిరితే మొక్క సిద్ధపడుతుంది. టెక్సస్ ఉత్తరగాలి అంత వ్యవధి ఇవ్వదు. పైమట్టలు ఉడికినట్టు మెత్తబడి, నల్లబడి వేలాడాయి. మంచు కప్పిన కింది మట్టలు పచ్చగా మిగిలాయి. ఇంటాయన చచ్చిన భాగమంతా కోసేసి, మొదలు జోలికి పోలేదు. ఎండలు ముదిరేసరికి కొత్త మట్టలు వచ్చాయి.

అది బతకడంలో నేలకూ వాటా ఉంది. గులకరాళ్లు, ముతక ఇసుక కలిపి దిబ్బలా ఎత్తిన మడి, దక్షిణానికి ముఖం పెట్టిన గోడ. చలి కంటే చలికాలపు తడే జెముళ్లను ఎక్కువగా కుళ్లబెడుతుంది. నాటే ముందు మట్టను ఒకటి రెండు వారాలు నీడలో ఆరబెట్టి, కోసిన చోటు పక్కు కట్టాకే గుచ్చాలి. నీళ్లకు తొందరలేదు.

ఈ మధ్య డెన్వర్‌లో ఉండే ఇంటాయన పిన్ని కొడుకు ఒక మట్ట పంపమన్నాడు. మొక్కను అడిగితే వద్దనేది. అక్కడ మైనస్ 20 వింత కాదు. అలాంటి చోట బీవర్‌టెయిల్ చుట్టాల్లోంచి వచ్చిన కూంబ్స్ వింటర్ గ్లో మెరుగు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ, డెన్వర్ బొటానిక్ గార్డెన్స్ కలిసి నడిపే ప్లాంట్ సెలెక్ట్ పథకం దాన్ని తోటలకు సిఫారసు చేస్తోంది. పొడుగు ముళ్లు లేవు, చలికాలంలో మట్టలు ఊదారంగుకు తిరుగుతాయి. నూగు మాత్రం ఉంది, తోలు గ్లవ్స్ తప్పవు. ఇంటాయన ఆ పేరే మెసేజ్ పెట్టాడు. డెన్వర్ కోసం విరిచిన మట్ట గ్యారేజీలో ఆరాక ఆస్టిన్ వెళ్లే స్నేహితుడి కారెక్కింది.