నాన్నా, పులి లేదు!

(బోను ఖాళీ అయిన మర్నాడు మైకుల ముందుకు వచ్చే అధికారి గారికి బహిరంగ లేఖ)

మహారాజశ్రీ అధికారి గారి దివ్యసముఖమునకు,

బోనులో ఉండాల్సిన జంతువు బోనులో లేదని తేలాక మైకుల గుత్తి ముందు నిలబడేది మీరే. దేశాన్ని బట్టి మీ భాష మారుతుంది, హోదా మారుతుంది, వాక్యం మాత్రం మారదు: పరిస్థితి అదుపులో ఉంది, ప్రజలు ఆందోళన చెందవద్దు. ఇందులో మొదటి సగం జంతువు గురించి, రెండో సగం మా గురించి. జంతువు ఎక్కడుందో తెలియకపోయినా మేం ఏం చేస్తామో మాత్రం మీకు ముందే తెలుసు. బెంబేలెత్తుతాం, ఒకరినొకరు తొక్కుకుంటాం, పుకార్లు పుట్టిస్తాం. అందుకని తప్పిపోయిన మృగం కంటే ముందు మమ్మల్ని పట్టి బోనులో పెట్టాలని చూస్తారు. ఆ అంచనా తప్పు అనీ, మా భయానికి భయపడి మీరు దాచే సంగతే మాకు అసలు ముప్పు అనీ విన్నవించుకోవడానికే ఈ లేఖ. ఊరికే అనడం లేదు, జరిగినవే చూపిస్తాను.

2011 మార్చి చివరి వారంలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో, జనానికి చూపించకుండా లోపల ఉంచిన ఈజిప్టు నాగు ఒకటి మాయమైంది. మన నాగుపాముకు దగ్గరి చుట్టమే. ఇంకా చిన్నది, పొడవు 20 అంగుళాలు, బరువు వంద గ్రాములైనా లేదు. కాటు మాత్రం మనిషి ప్రాణం తీయగలదు. జూ వాళ్లు పాముల భవనం మొత్తం మూసేశారు. పాము పోయిందని తామే చెప్పారు. ఎక్కడుందో తెలియదనీ చెప్పారు. భవనం దాటి ఉండదని ఎందుకు అనుకుంటున్నారో కారణం కూడా చెప్పారు: అది ఇరుకు సందుల్లో ఒదిగి కూచునే జీవి, ఆకలీ దాహం వేస్తే తనే బయటికొస్తుంది, అప్పటిదాకా ఓపిక పట్టాలి. మరి 80 లక్షల పైచిలుకు జనమున్న ఆ నగరం ఏం చేసింది? నవ్వింది. ఎవరో ఆ పాము పేరుతో ట్విటర్ ఖాతా తెరిచి, అది ఊళ్లో వింతలు చూస్తూ షికారు చేస్తున్నట్టు కబుర్లు రాయడం మొదలుపెట్టారు. రోజుల్లోనే రెండు లక్షల మందికి పైగా దాని వెంట పడ్డారు. (పాము వెంట ఇంతమంది పడటం మనకు నాగులచవితి నాడే అలవాటు.) జూ వాళ్లు ఎలుకల వాసన పట్టిన రంపపు పొట్టు చల్లి కాచుకుని, మార్చి 31న అదే భవనంలో ఒక మూల దాన్ని పట్టుకున్నారు. పేరు పెట్టండంటే వేలమంది సూచనలు పంపారు. గెలిచిన పేరు మియా. యుద్ధంలో ఆచూకీ దొరకని సైనికుల గురించి ఇంగ్లీషులో వాడే పొడి అక్షరాలవి. ఈ నవ్వులాటను తేలికతనం అనుకోకండి. తెలియదన్న మాటను కూడా దాచకుండా చెప్పినవాళ్ల మీద జనానికి గురి కుదిరింది. గురి కుదిరినచోటే జనం హాస్యమాడతారు.

ఇప్పుడు తిబిలిసీకి రండి. 2015 జూన్ 13 రాత్రి జార్జియా రాజధానిలో కుండపోతగా వాన కురిసింది. కొండచరియలు విరిగి, వెరె అనే చిన్న నది బురదతో పొంగి జూ మీద పడింది. ఊళ్లో ఇరవైమంది దాకా చనిపోయారు, వాళ్లలో ముగ్గురు జూ ఉద్యోగులు. జంతువుల్లో సుమారు సగం పోయాయి, కొన్ని వీధిన పడ్డాయి. రోడ్డు మీది బురదలో నిలబడ్డ నీటిగుర్రానికి మత్తు సూది కొట్టి, మనుషులు భుజాలు ఆనించి నెట్టుకుపోవడం ప్రపంచమంతా చూసింది. ఒక పెంగ్విన్ ఏకంగా అజర్‌బైజాన్ సరిహద్దు దాకా కొట్టుకుపోయింది. జార్జియా మతపెద్ద, చర్చి గంటలు కరిగించిన డబ్బుతో కమ్యూనిస్టులు కట్టిన జూ గనక ఈ పాపం తగిలిందన్నారు. ప్రళయం వచ్చినప్పుడు పాత బాకీలు గుర్తుకు రావడం ఏ దేశంలోనైనా ఉన్నదే. జనం మాత్రం, ముఖ్యంగా కుర్రకారు, పారలు పట్టుకుని గుంపులు గుంపులుగా బురద ఎత్తడానికి వచ్చారు. పులులూ సింహాలూ వీధుల్లో ఉన్నాయేమోనన్న అనుమానం ఉండగానే వచ్చారు. మీరు ఎప్పుడూ ఊహించుకునే తొక్కిసలాట ఇదేనా?

ఇంతలో అధికారుల భరోసా వచ్చింది: క్రూరమృగాల లెక్క తేలింది, బయట ఏదీ లేదు. జూన్ 17న జూకు దగ్గర్లోని గోదాములోకి వెళ్లిన ఒక మనిషిని తెల్లపులి చంపింది. పోలీసులు పులిని కాల్చారు. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు ప్రధాని ఇరాక్లీ గరిబాష్విలీ క్షమాపణ చెప్పారు. లెక్క తప్పడాన్ని నేను నేరమనను. అంత బురద కింద ఏ కళేబరం ఉందో, ఏది లేదో నాలుగు రోజుల్లో ఎవరు తేల్చగలరు? తేలని లెక్కను తేలిందనడం దగ్గరే ప్రాణం పోయింది. మన పిల్లలకు చెప్పే ‘నాన్నా పులి’ కథలో లేని పులిని వచ్చిందని అరిచింది కుర్రాడు. తిబిలిసీలో ఉన్న పులిని లేదన్నది నాన్న. మొదటి అబద్ధానికి పొలంలో వాళ్లు నాలుగడుగులు పరుగెత్తి వెనక్కి పోతారు. రెండో అబద్ధానికి మనిషి ధైర్యంగా గోదాము తలుపు తెరుస్తాడు.

పుకార్ల సంగతేమిటని మీరడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2016 ఏప్రిల్‌లో జపాన్‌లోని కుమామోతోలో భూకంపం వచ్చిన రాత్రి, జూ నుంచి సింహం తప్పించుకుందని ఒక కుర్రవాడు ఎక్కడిదో ఫొటోతో సహా ట్విటర్‌లో పెట్టాడు. అది వేలమందికి పాకి, జూకు ఫోన్లు వెల్లువెత్తాయి. తర్వాత పోలీసులు అతన్ని అరెస్టు చేశారు. అవును, అక్కడ జనం భయపడ్డారు. కాని భయపడి ఏం చేశారు? జూకు ఫోన్ చేసి అడిగారు. పుకారుకు విరుగుడు మీ నోట్లోనే ఉందని వాళ్లకు తెలుసు. ఆ విరుగుడు పనిచేయాలంటే ‘సింహాలన్నీ లోపలే ఉన్నాయి’ అని మీరన్నప్పుడు నిజంగానే ఉన్నాయని మేం నమ్మాలి. ఉత్తుత్తి భరోసాలతో ఆ మాటను అరగదీసుకున్నాక ఏ అరెస్టూ దానికి పదును పెట్టలేదు. ఇక 2023 జూలైలో బెర్లిన్ పక్కనున్న క్లైన్‌మాఖ్నోలో ఒక మసక వీడియోను నమ్మి, ఆడసింహం తిరుగుతోందని పోలీసులే హెచ్చరించారు. హెలికాప్టర్లు, డ్రోన్లు దిగాయి. రెండో రోజు మేయరు బొమ్మలు చూపించి, అది బహుశా అడవిపంది అని తేల్చారు. మన వేదాంతులు తాడును చూసి పామనుకోవడం గురించి శతాబ్దాలుగా చర్చిస్తున్నారు, పందిని చూసి సింహమనుకోవడం వాళ్లకు తట్టలేదు. ఆ హెచ్చరిక పొరపాటే. అయినా దానివల్ల పోయింది కొంత ఇంధనం, కొంత పరువు. తిబిలిసీ భరోసా ఖరీదు వేరు.

అవి చదువుకున్న దేశాలు, మనవాళ్లు అలా కాదు అంటారేమో. 2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో ఒక వ్యక్తి కంచె దాటి సింహం దగ్గరికి పోయి చనిపోయిన ఘటనను చూపిస్తారు. ఒక మనిషి మతిలేని పనికి రోజూ బుద్ధిగా కంచె ఇవతల నిలబడే వేలమందిని జమకట్టడం ఏ లెక్క? అదే తిరుపతిలో, 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాట మీద చిరుతపులి ఒక చిన్నారిని పొట్టన పెట్టుకుంది. జూ జంతువు కాదు, అడవిదే. అయినా మనవాళ్ల తీరు తెలియడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. దేవస్థానం పిల్లల నడకకు వేళలు పెట్టింది, గుంపులుగా వెళ్లమంది, చేతికో కర్ర ఇచ్చింది. చిరుతకు కర్రా అని ఊరూవాడా ఎగతాళి చేసింది. కాని ఎగతాళి చేస్తూనే కర్ర పట్టుకున్నారు, గుంపు కట్టారు, గోవింద నామం చెప్పుకుంటూ ఎక్కారు. ఏ మలుపులో, ఏ వేళ ప్రమాదమో చెబితే చాలు, మిగతాది జనం చూసుకున్నారు.

నన్నడిగితే మిమ్మల్ని జడిపించేది మా తొక్కిసలాట కాదు, ఆ తర్వాత వచ్చేది. 2011 అక్టోబరులో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, జేన్స్‌విల్ దగ్గర ఒక ప్రైవేటు జంతువుల ఫారం యజమాని 56 జంతువులను వదిలేసి ప్రాణం తీసుకున్నాడు. బళ్లు దిగవద్దని హైవే బోర్డులు చెప్పాయి, బడులు మూశారు, జనం మాట విన్నారు. పోలీసులు 18 పులులతో కలిపి దాదాపు అన్నిటినీ కాల్చేశారు. తెల్లారాక మొదలయ్యాయి ప్రశ్నలు: మత్తు సూదులు ఎందుకు లేవు? ఒక మనిషి పెరట్లో అన్ని పులులు ఉంచుకోవడానికి అనుమతి ఎలా ఉంది? చీకటిలో మరో దారి లేదన్న పోలీసుల జవాబు సబబే కావచ్చు. రెండో ప్రశ్నకు మాత్రం రాష్ట్రం మరుసటి ఏడాది కొత్త చట్టం చేయాల్సి వచ్చింది. ఇలాంటి ప్రశ్నలే మీకూ ఎదురవుతాయి: గడియ ఎవరు వేయలేదు, గోడ ఎప్పుడు పగిలింది, కాపలాకు ఎందరుండాలి, ఎందరున్నారు? ‘ఆందోళన చెందవద్దు’ అన్నప్పుడు మీ మనసులో ఉన్న మాట ‘అడగవద్దు’ అని నా అనుమానం.

టోక్యోలోని ఊయెనో జూలో ఉద్యోగి ఒకరు జంతువు వేషం కడితే, మిగతావాళ్లు వలలతో చుట్టుముట్టి పట్టుకునే కసరత్తు చేస్తారు. మన పగటివేషగాళ్లు చూస్తే మెచ్చుకుంటారు. మీ జూలోనూ అది పెట్టండి. వేషం విప్పాక ఇంకో అరగంట ఉండి, మీ ప్రకటనను కూడా సాధన చేయండి. ఏ జంతువు, ఎన్ని గంటలకు, ఏ దిక్కుకు. ఎన్ని దొరికాయి, ఎన్ని దొరకలేదు. దొరకనివాటి గురించి మీకు తెలియనిదేమిటి. ‘ఆందోళన’ అన్న పదం వచ్చిన చోటల్లా కొట్టేయండి. ఆ ప్రకటన రేపు కాదు, ఈ రాత్రికే చదవండి.

ఇట్లు,
తలుపు గడియ వేసుకుని ఎదురుచూస్తున్న
ఒక పౌరుడు