లేని గణం లెక్క

డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పే రోజుల్లో ఒక పరీక్షలో ఈ ప్రశ్న ఇచ్చాను. గురులఘువులతో నాలుగక్షరాల వరుసలు 16. వాటిలో 'లల' ఎక్కడా రానివెన్ని? 'గల' ఎక్కడా రానివెన్ని? మొదటిదానికి 8 అని లెక్కగట్టాను. రెండోదీ రెండక్షరాల గణమే కదా, అదీ 8 అని రాసిపెట్టుకున్నాను. లెక్కపెట్టలేదు.

ఒకమ్మాయి 8, 5 అని రాసింది. నేను 5ను కొట్టేసి రెండు మార్కులు తీసేశాను. "సార్, అయిదూ రాసి చూపించాను, ఒక్కసారి చూడండి" అంటూ పేపరు నా ముందు పెట్టింది. చూడలేదు. బదులుగా వాదించాను: గణం పడటానికి చోట్లు మూడు, చోటుకు నాలుగు వరుసలు, మొత్తం 12 సార్లు. లలకైనా గలకైనా ఇంతే. వచ్చేది సమానమైతే రానిదీ సమానమే! ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. పేపరు మడిచి వెళ్లిపోయింది.

చాలా ఏళ్ల తర్వాత, ఇలాంటి లెక్కలపై గీబాస్, ఆడ్లిజ్కో 1981లో రాసిన వ్యాసం చదువుతుంటే ఆ పేపరు గుర్తొచ్చింది. ఒక నమూనా తన మీద తానే ఎలా ఒరుగుతుందో దాన్నిబట్టి అది లేని వరుసల సంఖ్య మారుతుందని అందులో ఉంది. పెన్సిలు తీసుకుని 16 వరుసలూ రాశాను. 12 సార్లు అన్నది నిజమే. కానీ లల ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది: లలలలలో ఒక్కచోటే మూడుసార్లు. అలా గుంపుగా పడి 8 వరుసల్లోనే సర్దుకుంటుంది. గల అలా ఎక్కలేదు. ఒక్క గలగలలో మాత్రం రెండుసార్లు వచ్చి, మొత్తం 11 వరుసలకు పాకుతుంది. మిగిలినవి లలలల, లలలగ, లలగగ, లగగగ, గగగగ. ఒకసారి గురువు పడ్డాక మళ్లీ లఘువు రాకూడదు, అంతే. ఆ అయిదూ ఆ పేపరులో ఇదే క్రమంలో ఉన్నాయి.

వరుస పొడవైనకొద్దీ తేడా భయంకరంగా పెరుగుతుంది. లల లేనివి 8, 13, 21 అంటూ పోతాయి. మాత్రావృత్తాలను లెక్కించిన విరహాంకుడి సంఖ్యలే ఇవి. గల లేనివి ఒక్కొక్కటే పెరుగుతాయి. పదక్షరాలకు వచ్చేసరికి అవి 144, ఇవి 11.

అమ్మా, ఈ మాటలు నీ కంటపడితే ఇది తెలుసుకో: నీ జవాబు సరైనది. ఆ రెండు మార్కులూ నీవే. నన్ను క్షమించు.