ఒంటిగా వాయించిన గోష్ఠి: టీకా తాత్పర్య సహితం

అవతారిక

విజయవాడలో ఒక మృదంగం మాస్టారు. డాలస్‌లో ఘటం, మెల్‌బోర్న్‌లో కంజీర, హైదరాబాద్‌లో మోర్సింగ్ వాయించే శిష్యులు. వీరందరితో ఆదితాళంలో తాళవాద్య కచేరి చేయించాలని సంకల్పించి, మాస్టారు వాట్సాప్ గ్రూపులో కింది ఆటవెలదిని ప్రయోగించారు. సందర్భం కల్పితం, కష్టం నిజం.

చెవిని తీగ పెట్టి చిటికెలు వినుచును
మైకు దగ్గరుంచి మాట లేక
ఒక్క చరుపు చరచి యొంటిగా వాయించి
పంపు డాదివార పగటిలోపు

ప్రతిపదార్థం

చెవిని = చెవిలో; తీగ పెట్టి = తీగ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టుకుని; చిటికెలు వినుచును = క్లిక్ ట్రాక్ (కాలప్రమాణం చూపే టిక్కు టిక్కు) వింటూ; మైకు దగ్గరుంచి = మైకును వాద్యానికి చేరువగా పెట్టి; మాట లేక = ఇంట్లో ఎవరూ మాట్లాడకుండా (కుక్కర్ విజిల్ కూడా మాట కిందికే వస్తుందని పెద్దల నిర్ణయం); ఒక్క చరుపు చరచి = ఒకే ఒక్క చప్పట కొట్టి; ఒంటిగా వాయించి = తోటివారి వాద్యం వినకుండా తన పాఠం తాను వాయించి; ఆదివార పగటిలోపు = ఆదివారం పొద్దుగూకేలోగా; పంపుడు = వీడియో పంపండి.

విశేషాలు

తీగ: బ్లూటూత్‌ను కవి నోరెత్తకుండానే నిషేధించారు. అది శబ్దాన్ని కుదించి, గాలిలో పంపి, విప్పి వినిపించేసరికి చాలా సెట్లలో 100 మిల్లీసెకన్లు దాటిపోతుంది. క్లిక్ నిమిషానికి 60 అయితే అక్షరానికి ఒక సెకను. అందులో తకధిమి నాలుగు దెబ్బలు, ఒక్కోదానికి 250 మిల్లీసెకన్లు. పై కాలంలో 125. అంటే ఆలస్యం దాదాపు ఒక దెబ్బంత. పోనీ స్పీకర్‌లో విందామంటే, క్లిక్ మైకులోకి దూరి అయిదో వాద్యమై కూర్చుంటుంది.

మైకు: వీడియో కాల్ యాప్‌లు మనిషి గొంతు కోసం పుట్టినవి. హఠాత్తుగా పడే దెబ్బ వాటి లెక్కలో రొద. దాన్ని అణచివేయడమే వాటి ధర్మం. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అనే మీట ఉన్నది ఈ అతి శుభ్రతను ఆపడానికే. మోర్సింగ్ నాదం మరీ సన్నం కనుక దానికి మైకు పెదవుల దాకా రావాలి.

ఒక్క చరుపు: ఎడిటింగ్ తెర మీద చప్పట నిట్టనిలువు గీతగా కనిపిస్తుంది. నాలుగు వీడియోల గీతలను ఒకే వరుసకు తెస్తే నాలుగు ఊళ్లు ఒక వేదికకు వచ్చినట్టు. సినిమా షూటింగులో క్లాప్ కొట్టేదీ ఇందుకే. రెండుసార్లు కొడితే ఏ గీతను నమ్మాలో తెలియక ఎడిటర్ తల పట్టుకుంటాడు.

ఒంటిగా: పద్యానికి ప్రాణం ఈ మాట. “అందరూ కాల్‌లో చేరి ఒకేసారి వాయించకూడదా?” అని పూర్వపక్షం.

కూడదు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు నడుస్తుంది. వేదిక మీద రెండు మీటర్ల అవతల ఉన్న ఘటం మృదంగం చెవికి ఆరు మిల్లీసెకన్లలో చేరుతుంది. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి డాలస్ 13 వేల కిలోమీటర్ల పైమాటే కనుక, కేబుల్ తిన్నగా వేసినా 65 మిల్లీసెకన్లు దారికే ఖర్చు. ఈ ఆలస్యాన్ని ఏ ప్లాన్ రీచార్జి చేయించినా తగ్గించలేరు.

స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్ చేఫ్ బృందం మనుషులను జంటలుగా వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, మధ్యలో ఆలస్యం కల్పించి, చప్పట్లు కొట్టించింది. 2004లో వెల్లడైన ఫలితం: ఆలస్యం సుమారు 11 మిల్లీసెకన్లు దాటితే జంట నెమ్మదించింది, మరీ తగ్గితే పరుగెత్తింది. నెమ్మదించడానికి కారణం మర్యాద. అవతలివాడు వెనకబడ్డాడని ఇతడు ఆగుతాడు. ఆ ఆగడం అవతలికి ఇంకా ఆలస్యంగా చేరి అతడూ ఆగుతాడు. కాలప్రమాణం అలా జారుతూ పోతుంది. కచేరిలో సుగుణమైన వినికిడి ఇక్కడ దోషం.

“నింజామ్ ఉన్నది కదా?” అని రెండో పూర్వపక్షం. 2005 నాటి ఆ సాఫ్ట్‌వేర్ ఆలస్యంతో పోరాడదు, దాన్ని నిండు ఆవర్తనం దాకా సాగదీస్తుంది. ఎవరైనా వినేది తోటివారి కిందటి ఆవర్తనమే. ఠేకాకు చక్కగా సరిపోతుంది. ముక్తాయి దగ్గర చిక్కు: మృదంగం సమం మీద వాలి చేయి తీశాక, తక్కినవారి తీర్మానం ఒక ఆవర్తనం తరవాత వినవస్తుంది.

“గాయకులు చేసి చూపారు” అని మూడోది. నిజమే. 2010లో ఎరిక్ విటేకర్ 12 దేశాల 185 మంది చేత ఎవరింట్లో వారినే పాడించి, లక్స్ ఆరమ్‌క్వే అనే బృందగానం కూర్చాడు. అయితే గొంతులు 30 మిల్లీసెకన్లు అటూ ఇటూ అయినా ఒకదానిలో ఒకటి ఒదుగుతాయి. ఘటమూ కంజీరా అంత తేడాతో పడితే రెండు దెబ్బలని పిల్లవాడైనా చెబుతాడు.

తాత్పర్యం

ఓ శిష్యులారా! ఒకరినొకరు వినకండి, అందరూ క్లిక్‌నే వినండి. తాళం వేసే చేయి ఇప్పుడు ఎడిటర్‌ది. సవాల్ జవాబుల్లో ఘటం నవ్వుతూ విసిరిన నడకకు కంజీర అప్పటికప్పుడు బదులివ్వడం మాత్రం ఈ పద్ధతిలో లేదు. ఆ నవ్వులు కూడా ముందే రాసుకోవాలి.

వివాదం

ఆదివార శబ్దం మీద వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు. మెల్‌బోర్న్‌లో ఆదివారం పొద్దుగూకేసరికి విజయవాడలో మధ్యాహ్నం, డాలస్‌లో ఇంకా తెల్లవారదు. డాలస్‌లో పొద్దుగూకేసరికి విజయవాడలో సోమవారం. ఎవరికి అనువైన ఆదివారాన్ని వారు గ్రహించారు. మాస్టారు తదుపరి ప్రతిలో “భారత కాలమానం ప్రకారం” అని చేర్చారు. గణాలు తప్పాయి, ఘటం ఫైలు మాత్రం వేళకు వచ్చింది.