ఆ ఒకటో చోటు ఎవరిది?

తుపాను వస్తే మా విశాఖ రేవులో 1 నుంచి 11 వరకు ప్రమాద సూచికలు ఎగరేస్తారు. 2014లో హుద్‌హుద్ ఫలానా రోజున వస్తుందన్నారు, వచ్చింది. కరువుకి మాత్రం ఏ రేవులోనూ సూచిక లేదు. అది చప్పుడు చేయకుండా వస్తుంది కదా, ఎవరికని ఎగరేస్తారు?

ఉక్కు ఫ్యాక్టరీ పక్కనున్న మా కూర్మన్నపాలెంలో వాన కబురు విలువ రెయిన్‌కోటు వరకే. డ్యూటీకి వెళ్లేవాడు బండి డిక్కీ తెరిచి చూసుకుంటాడు, అంతే. ఫ్యాక్టరీ నీళ్లకి ఏలేరు కాలువ ఉంది. మా వీధిలో అనంతపురం జిల్లా నుంచి వచ్చిన ఉద్యోగి ఒకాయనకి మాత్రం అదే కబురు శనక్కాయ విత్తనం ఖరీదు. ఊళ్లో సేద్యం చేసే అన్న ఫోను చేస్తాడు.

"ఏమిరా, వాన వస్తాదంటనా?"

"ఒకటి రెండు చోట్ల వస్తాదంటన్నా."

"ఆ ఒకటో చోటు మనదా, రెండోదా?"

నవ్వొచ్చే ప్రశ్నే గానీ జవాబు లేదు. వాతావరణ శాఖ లెక్కలో 'ఒకటి రెండు చోట్ల' అంటే వానని కొలిచే కేంద్రాల్లో 25 శాతం వరకు. ముప్పావు జిల్లా ఎండినా జోస్యం ఫలించినట్టే. మన పిల్లలకి పదో తరగతిలో 35 వస్తేగానీ పాస్ కాదు! ఇక 2.5 మిల్లీమీటర్లు పడితే అది 'వాన రోజు'. ఎకరాకి పదివేల లీటర్లు, అంటే రెండు ట్యాంకర్లు. ఎర్రనేల దాన్ని సాయంత్రానికల్లా తాగేస్తుంది. రికార్డులో వాన, చేలో పదును లేదు.

శాస్త్రవేత్తల తప్పేమీ లేదు. మబ్బు ఏ గట్టు దాటి కురుస్తుందో దానికే తెలియదు. ఇక కరువు కబురు చూడండి: 2023 ఆగస్టు దేశంలో 1901 నుంచి ఎన్నడూ లేనంత పొడి ఆగస్టు. రాష్ట్రం 103 మండలాలని కరువు మండలాలుగా ప్రకటించింది, అక్టోబరు ఆఖరుకి. అప్పటికి పైరుకి దినాలు కూడా అయిపోయాయి.

మంగళ, శుక్రవారాల్లో ఏం విత్తాలో, ఎప్పుడు మందు కొట్టాలో రైతుకి చెప్పే జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు 199 ఉండేవి. 2024లో మూసేశారు. మరుసటి ఏడాది మే నెలలో, నేలని గళ్లుగా విడదీసి వాన లెక్కగట్టే 12 కిలోమీటర్ల గడిని ఆరుకి తగ్గించిన కొత్త అంచనా పద్ధతిని ఆర్భాటంగా ప్రారంభించారు. చూపు పదునెక్కింది, నోరు మూతపడింది.

ఆరు కిలోమీటర్ల గడి అంటే దాదాపు 9 వేల ఎకరాలు. అందులో మన ఊరూ, పక్కూరూ రెండూ ఇముడుతాయి. వాన ఎటూ పక్కూళ్లోనే పడుతుంది కాబట్టి, అంచనా తప్పే ప్రసక్తే లేదు.