మొగులు ఎడిటింగ్

మా నిజామాబాద్ ఆకాశానికి నటన రాదు. మార్చి నుంచి జూన్ దాకా ఎండ, దుమ్ము తప్ప దాని ముఖంలో ఇంకో భావం కనిపించదు. చలికాలం పొద్దున కాస్త పొగమంచు కప్పుకుని ముస్తాబైనా, మనం కెమెరా వెతికి పట్టుకునే లోపు మళ్లీ మామూలే. వానాకాలం మబ్బులు బ్రహ్మాండంగా పడతాయి గానీ, సరిగ్గా మనకు ఆఫీసున్న రోజే పడతాయి.

మా బామ్మర్ది లెక్కలో ఇది జిల్లాకు జరిగిన అన్యాయం. కేరళకు, కశ్మీరుకు ఇచ్చినన్ని మబ్బులు మా నిజామాబాద్‌కు కేటాయించలేదని వాడి ఫిర్యాదు. తెలంగాణ ఉద్యమ నినాదంలో నీళ్లు, నిధులు, నియామకాల పక్కన నాలుగోదిగా మబ్బుల పేరు కూడా అప్పుడే చేర్చాల్సిందని వాడి అభిప్రాయం. చేర్చలేదు కాబట్టి న్యాయం వాడే చేయడం మొదలుపెట్టాడు, ల్యాప్‌టాప్‌లో ఫొటోలు ఎడిట్ చేస్తూ.

వాడి వాదనలో పస లేదని నేననను. కంటికి కనిపించింది కెమెరాకు కనిపించదు. మనం చెరుకు తోటను చూసి తల పైకెత్తితే కన్ను క్షణంలో సర్దుకుంటుంది. కెమెరా ఆ పని చేయలేదు. తోట వెలుగుకు కొలత పెడితే పైన ఆకాశం తెల్లగా కాలిపోతుంది. ఆకాశానికి పెడితే తోట నల్లబడి, పొలమో చెరువో తెలియని స్థితికి వస్తుంది. అందుకే తెలిసినవాళ్లు రా ఫైలులో తీస్తారు. మామూలు జేపెగ్ ఫొటోలో ఒక్కో రంగుకు 256 మెట్లుంటే, 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. తెల్లగా పోయిందనుకున్న ఆకాశంలో మబ్బు ఎక్కడో ఒక మూల దాక్కునే ఉంటుంది. హైలైట్స్ తగ్గించి, నీలం కాస్త ముదురు చేస్తే అది బయటికి వస్తుంది. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు.

ఇబ్బందల్లా మా వాడు అక్కడ ఆగకపోవడమే. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో డీహేజ్ అని ఒక మీట ఉంది. 2015లో వచ్చింది. ఫొటోలోని మసకను తుడిచేస్తుంది. కొంచెం జరిపితే దూరపు గుట్టలు స్పష్టమవుతాయి. మా వాడికి కొంచెం అనే కొలత తెలియదు, కొస దాకా జరుపుతాడు. దాంతో ఎడపల్లి దగ్గర నిలబడ్డ ప్రతి తాటిచెట్టు చుట్టూ తెల్లటి కాంతి వలయం పుడుతుంది. అది ఎడిటింగ్ ముదిరిన గుర్తని ఫొటోగ్రాఫర్లు పెదవి విరుస్తారు. మా అత్త మాత్రం ఆ చెట్లను చూసి చెప్పులు విడిచి దండం పెట్టింది.

"ఇంత కష్టమెందుకురా, పోలరైజర్ ఫిల్టర్ కొనుక్కో. సూర్యుడికి అడ్డంగా తొంభై డిగ్రీల వైపు తిరిగి తీస్తే నీలం దానంతటదే చిక్కబడుతుంది" అన్నాను.

"దానికి ఎండల నిలబడాలె గద బావా" అన్నాడు. మా ఊరి ఎండ తెలిసినవాణ్ని కాబట్టి మళ్లీ ఆ మాటెత్తలేదు.

పైగా వాడు చరిత్ర చదువుకుని వచ్చాడు. చదువుకున్న బామ్మర్దితో వాదించి గెలిచిన బావ ఇంతవరకు పుట్టలేదు.

"పాత రోజుల ఫొటో ప్లేట్లకు నీలం రంగు పడితే చాలు, తెల్లగ ఎగిరిపోయేది బావా. 1850లల్ల ఫ్రాన్స్‌ల గుస్తావ్ లె గ్రే అనేటాయన ఏం జేసిండు? సముద్రానికి ఒక నెగెటివ్, మొగులుకు ఒక నెగెటివ్ తీసి రెండూ కలిపి అచ్చేసిండు. ఒక్కటే మొగులును రెండు మూడు సముద్రాల మీద వాడిండు. ఆయన్ను కళాకారుడన్నరు. నేను జేస్తే మోసమంటరా?"

నేను స్వదేశీ ఉదాహరణతో కొట్టాలని చూశాను. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఉన్నాడు కదా, ముసవ్విర్ జంగ్ బిరుదు పొందినవాడు. ఆ కాలం హైదరాబాద్ ఫొటోల్లో కోటలు, మేడలు, ఏనుగులు అంత నిండుగా ఉంటాయి, వెనక ఆకాశం చూస్తే చాలాసార్లు ఖాళీ కాగితం. అయినా వాటి గొప్పతనానికి ఏం లోటు వచ్చింది?

"ఆయన ముంగట నిజాం ఉన్నడు బావా. ఆకాశాన్ని ఎవడు చూస్తడు? నా ముంగట ఎవరున్నరు?" అన్నాడు. వాడి ముందు అప్పుడు నేనున్నాను. జవాబు చెప్పలేదు. ఆ మౌనాన్ని అంగీకారంగా తీసుకుని అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్‌ను కూడా దించాడు. 1927లో ఆయన హాఫ్ డోమ్ కొండను తీస్తూ లెన్సుకు ఎర్ర ఫిల్టర్ తగిలిస్తే, పట్టపగటి నీలాకాశం అమావాస్యలా నల్లబడి కొండ దద్దరిల్లిపోయిందట. అమెరికా కొండకు ఉన్న హక్కు ఆర్మూర్ సిద్ధులగుట్టకు లేదా అని నిలదీశాడు.

ఇక 2020లో ఫొటోషాప్ ఆకాశాన్ని మొత్తంగా మార్చే సౌకర్యం తెచ్చింది. అంతవరకు మా వాడు ఉన్న మబ్బునే పిండి ఆరేసేవాడు. అప్పటి నుంచి దిగుమతి మొదలైంది. అశోక్‌సాగర్ చెరువు దగ్గర పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకున్న ఒక జంట నెత్తి మీద ఏ సముద్రానికి చెందినదో ఒక తుపాను తెచ్చి పెట్టాడు. పైన మెరుపులు, కింద నీళ్లలో మిట్టమధ్యాహ్నపు నీలాకాశం, మధ్యలో వీణ పట్టుకున్న సరస్వతీ దేవి విగ్రహం. పెళ్లికొడుకు నాయనమ్మ ఆల్బమ్ చూసి, "గింత మొగులు పట్టినంక గూడ పోరగాండ్లు ఇంటికి రాకపాయె, పడిశం పడుతదని బుద్ధి లేదా" అని అల్లం చాయ్ పెట్టమంది. ఇంకో ఫొటోలో సూర్యుడు బాసర దిక్కున అస్తమించాడు. బాసర మాకు ఉత్తరాన ఉంటుంది. అదేమిటని అడిగితే, "అటు దిక్కు తోట మంచిగున్నది" అన్నాడు. సూర్యుడికి బదిలీ ఆర్డర్ ఇవ్వడానికి ఆ కారణం చాలు.

ఇదంతా ఆల్బమ్‌ల వరకే సాగినంత కాలం ఎవరికీ నష్టం లేదు. కానీ వాడు యాసంగి కోతల రోజుల్లో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పెట్టాడు. బోధన్ దారి, రోడ్డు పక్కన ఆరబోసిన వడ్లు, పైన కాటుక రంగు మబ్బు.

మరునిమిషం బోధన్ అవతలి ఊరి నుంచి మా మామ ఫోన్ చేశాడు. "అల్లుడా, మొగులు ఎంత దూరం వచ్చింది? ఎడపల్లి దాటిందా?"

ఆయన గొంతు వెనక కేకలు, పరుగులు. టార్పాలిన్లు ఈడుస్తున్న చప్పుడు. నేను కిటికీలోంచి చూశాను. బయట ఎండ ఫెళ్లుమంటోంది. మామ ఆందోళనలో తప్పేమీ లేదు. కొనుగోలు కేంద్రంలో వడ్ల తేమ 17 శాతం దాటితే తూకం జరగదు. ఒక్క చెడగొట్టు వాన పడితే వారం రోజుల ఎండబెట్టుడంతా మళ్లీ మొదటికొస్తుంది. ఆకాశంలో నాటకీయత లేదని మా బామ్మర్ది బాధపడే రోజులే మామకు అసలైన శుభదినాలు. ఎండ ఉంటేనే ఆయనకు నిద్ర పడుతుంది. నగరంలో మబ్బును అందంగా ఉందా లేదా అని చూస్తారు. పల్లెలో మబ్బును వార్త చదివినట్టు చదువుతారు. తప్పుడు మబ్బు పెడితే తప్పుడు వార్త వేసినట్టే.

"అది కంప్యూటర్ మొగులు మామా" అని చెప్పాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత మా బామ్మర్ది గురించి ఆయన అన్న మాటలు పత్రికలో వేయరు.

అంతటితో ఆగితే వాడు మా బామ్మర్ది ఎందుకవుతాడు? తర్వాతి ఆదివారం షక్కర్‌నగర్ వెళ్లి నిజాం షుగర్ ఫ్యాక్టరీ చిమ్నీని తీశాడు. ఆ చిమ్నీ కథ కొంచెం చెప్పాలి. 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు కాలువలెక్కాయి. నీళ్ల వెంట చెరుకు వచ్చింది. చెరుకు వెంట 1937లో ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లు. సీజన్ నడిస్తే ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు గేటు దగ్గర బారులు తీరేవి. చెరుకు పిప్పి బాయిలర్లలో మండితే చిమ్నీ పొగ చూసి ఊళ్లలో రోజువారీ లెక్కలు వేసుకునేవాళ్లు. 2015 డిసెంబరులో అది మూతపడింది. మసకను తుడిచే డీహేజ్ మీట వచ్చింది కూడా ఆ ఏడాదే. చెరుకు వేసిన మామ లాంటివాళ్లు చాలామంది వరికి మళ్లారు.

ఆ చిమ్నీ వెనక మా వాడు పెట్టిన బూడిద రంగు మబ్బు సరిగ్గా చిమ్నీ మూతి దగ్గర మొదలైంది. గ్రూపులో పడ్డ పది నిమిషాలకు మామ సడ్డకుడు ఫోన్ చేశాడు. ఫ్యాక్టరీ బాయిలింగ్ హౌస్‌లో పనిచేసి ఇంట్లో కూర్చున్న పెద్దమనిషి. "పొగ వస్తున్నదా బిడ్డా? షురూ జేసిన్రా?" అని అడిగాడు. అప్పటికే ఆయన చొక్కా వేసుకుని, గేటు దాకా పోయి చూసి రావడానికి సైకిల్ బయటికి తీశాడని తర్వాత తెలిసింది.

మా బామ్మర్ది ముఖం మొదటిసారి డీహేజ్ చేయకుండానే స్పష్టంగా కనిపించింది. ఆ సాయంత్రం ఫొటో తీసేస్తానని మామకు ఫోన్ చేశాడు. మామ వద్దన్నాడు.

"ఉండనీయిరా. ఓట్లకు వచ్చినోళ్లకు చూపెడ్త. ఫ్యాక్టరీ తెరిపిస్తమని ఎలక్షన్ ఎలక్షన్‌కు మైకులల్ల పొగ ఇడుస్తున్రు. మల్ల ఏ ఒక్కనితోని గూడ గింత పొగ కానరాలే. నువ్వైతే కంప్యూటర్‌లనన్న తెప్పించినవ్. ఏ పార్టీలనన్న టికెట్ అడుగుపో."